వాకిలి షరతు

"గిది కిరాయిల్లు అనుకోకు అన్నా, నీ ఇల్లే అనుకో" అని పంజాగుట్టలో మా ఓనరు మాటిచ్చాడు. అలాగే అనుకున్నాం. ఆసుపత్రి నుంచి నాగేశ్వరి శవమై వచ్చిన రోజు ఆ ఓనరే గేటుకు తాళం వేశాడు.

"కిరాయోళ్ల పీనుగు లోపలికొస్తే ఇంటికి మంచిది కాదు" అన్నాడు.

వానలో, రోడ్డు మీదే నా భార్యకు చివరి స్నానం చేయించాం.

ఇప్పుడు అమీర్‌పేటలో నాకూ ఒక ఇల్లుంది. నిన్న నా ఈడు మనిషి ఒకడు ముందు గది కిరాయికి అడిగాడు. అగ్రిమెంటు రాస్తుంటే తల వంచుకునే అన్నాడు.

"ఒక్క షరతు రాయి సార్. నేను సస్తే జర వాకిట్ల పండవెట్టనియ్యాలె."

"అలాంటివి అగ్రిమెంట్లో ఎవరు రాస్తారండీ? మాట ఇస్తాను, చాలదా?"

"నోటి మాట ఎంతసేపు నిలవడ్తదో నీకెర్కే కద సార్."

రాశాను. జాలిపడి కాదు. నా గేటు తెరిచి లోపలికొచ్చిన ప్రతిసారీ ఆనాడు తాను వేసిన తాళం అతనికి గుర్తుకు రావాలని.

సంతకం పెట్టి కాగితం నా వైపు జరిపాడు. చదవక్కర్లేదు. ఇన్నేళ్లూ నేను తిట్టుకుంటున్న పేరే అది.

సారయ్య.