నేతకు నచ్చిన నేత

భోజనాల వేళకు ప్రతి ఇంటి గోడమీదా అధ్యక్షుడు ప్రత్యక్షమయ్యే రోజులవి. ఒంటరి నేతగాడు అంజనప్పకు ఆ నేతంటే ప్రాణం. “తిన్నారా?” అని అడిగేది ఆయనొక్కడే మరి.

ఆ మధ్యాహ్నం అధ్యక్షుడు చేతిమగ్గాలు ఆపించే చట్టానికి ఓటడిగాడు. “ఇది ఓడితే నేను దిగిపోతానండీ, అంజనప్పగారూ.”

“మీరు కావాలి బాబూ. మీ చట్టమే వద్దు,” అని లోలోపలే అనుకున్నాడు అంజనప్ప.

మొహంమీద కాదనడం మర్యాద కాదని, గోడకు తువ్వాలు కప్పి మరీ “వద్దు” మీట నొక్కాడు.

చట్టం వీగిపోయింది. అధ్యక్షుడు దిగిపోయాడు. గోడ వట్టి సున్నమై మిగిలింది.

మర్నాడు అంజనప్ప అన్నం ముందు ఊరికే కూర్చుని ఉంటే పక్కింటి సీతారత్నం తొంగిచూసింది.

“మేమూ వద్దనే నొక్కాం బాబాయ్. ఒంటరివాడివి కదా, ఆయన కోసం నువ్వైనా సరేనని నొక్కి ఉంటావనుకున్నాం.”