ముందు గుండీల చొక్కా

జడ వేసుకుందామని చెయ్యెత్తబోయి "అబ్బా!" అంది ఆమె.

"చేతులు భుజం దాటకూడదన్నారుగా! ఇలా తే దువ్వెన," అంటూ లోపలికి వచ్చింది ఆ పెద్దావిడ. రోజూ ఈ వేళకి వస్తుంది. ముందు గుండీలున్న నీలం చొక్కా.

ఆ ఆస్పత్రిలో ఆయాలందరివీ నీలం చొక్కాలే.

రొమ్ముల్లో ఎప్పుడో పెట్టించుకున్న సిలికాన్ సంచులు గట్టిపడి సలుపుతుంటే, ఆపరేషన్ చేయించుకుని తీయించేసింది ఆమె. తోడుంటానన్న అక్క రాలేదు. చిన్నప్పుడు తనకు జడ వేసింది అక్కే. గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైతే చాలు, ప్రాణం అటే లాగుతోంది.

"కుట్ల దగ్గరి గొట్టాలు తీసేటప్పుడు నొప్పెట్టిందా?" చిక్కు తీస్తూ అడిగింది ఆవిడ.

"చురుక్కుమంది. నీకెందుకమ్మా అవన్నీ?"

"ఊరికే. మరి పడుకోవడం?"

"వెల్లకిలా. తలగడలు ఎత్తు పెట్టుకుని."

"అద్దంలో చూసుకున్నావా?"

"లేదు. ఏం మిగిలిందో ఏమో."

"నువ్వు మిగిలావుగా, పిచ్చిమొహమా! భయపడితే ఈ జడని చూసి భయపడు. ఎలక తోక నయం."

ఫక్కున నవ్వింది ఆమె. వెంటనే ఛాతీ పట్టుకుంది. "నవ్వించకు తల్లీ, కుట్లు!"

"ఓహో, నవ్వితే లాగుతాయన్నమాట," అంది ఆవిడ, గుర్తుపెట్టుకుంటున్నట్టు.

"మంచినీళ్లు అందేలా పెట్టు. రేపు పెందలాడే రా, ఇంటికెళ్లిపోతాను."

"రేపు కుదరదమ్మాయ్."

"మీరంతా ఇంతే! పూటకో సాకు."

ఆవిడ నీళ్లు దగ్గరగా జరిపి, జడ చివర మరో ముడి వేసి వెళ్లిపోయింది.

మర్నాడు నర్సు కట్టు మారుస్తుంటే, ఆమె ధైర్యం చేసి అద్దంలో చూసుకుంది.

వదులైన చర్మం. కింద రెండు ఎర్రటి గీతలు. భుజం మీద ఎలక తోక.

ఏడుపొస్తుందనుకుంది. నవ్వొచ్చింది.

ఆ మాట చెప్పుకోవాలనిపించింది. అక్కతో కాదు.

"సిస్టర్, జడ వేసే ఆయాని ఒక్కసారి పిలవరూ?"

"ఆయా ఏంటమ్మా? ఆవిడ పక్క గది పేషెంటు. బీపీ తగ్గక ఇన్నాళ్లూ ఆపారు. ఇందాకే థియేటర్‌లోకి తీసుకెళ్లారు."

"థియేటర్‌లోకా?"

"మీకు చేసిన ఆపరేషనే," అంది నర్సు, ఆమె చొక్కా ముందు గుండీలు పెడుతూ. "వెంట ఎవరూ లేరు పాపం, వెళ్తూ వెళ్తూ ఒక్కటే అడిగారు, రేపట్నుంచి తన జడ ఎవరేస్తారని."