ఒకరు వదిలితే

కుడిచేతికి కట్టుతో కూర్చున్న పక్క ఫ్లాట్ సత్యవేణి పిన్నికి సుధేష్ణ అన్నం కలిపి ముద్దలు పెడుతోంది.

ఆసుపత్రిలో ఉన్నవాళ్ల ఊపిరి చప్పుడు ఇంటి గోడలోంచి వినడం ఇప్పుడందరికీ అలవాటే. పిన్ని కూడా బాబాయి ఊపిరి వింటూనే కూరలు తరిగేది. మొన్న అది ఠక్కున ఆగిపోయింది. ఆయన పోయాడనుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తి, మెట్ల మీద పడింది. అక్కడ ఆసుపత్రిలో ఆయన నిక్షేపంగా ఇడ్లీ తింటున్నాడు.

ఊళ్లో గోడలన్నిటినీ నడిపే సిస్టమ్ కోడు రాయడం సుధేష్ణ ఉద్యోగం. ఒక్కో ఊపిరి గోడకి చేరే లైనును ఎందరు పట్టుకుని వింటున్నారో సిస్టమ్ లెక్కపెట్టుకుంటుంది. అందరూ వదిలాకే మూస్తుంది. కొన్నిచోట్ల వదిలినా లెక్క తగ్గక, దిక్కులేని లైన్లు పేరుకుపోతుంటే, ఎవరు వదిలినా లెక్కలో ఒకటి తగ్గించమని సుధేష్ణే కోడులో చేర్చింది. బాబాయి లైను దగ్గర అప్పటికే ఒకటి తగ్గుతోందని చూసుకోలేదు. పిన్నితో పాటు అదే లైను వింటున్న నర్సు ఆపగానే ఒకటికి బదులు రెండు తగ్గాయి. లెక్క సున్నా అయి, పిన్ని వింటుండగానే లైను తెగింది. సాయంత్రానికల్లా సుధేష్ణ గుట్టుగా దిద్దేసింది. ఎవరూ అడగలేదు.

“పిన్నీ, ఆ రోజు...”

“నాదే తప్పమ్మా. పోపు మాడుతోందని పొయ్యి దగ్గరికెళ్లా. వినట్లేదనుకుని గోడ ఆపేసుంటుంది. అందుకే ఇప్పుడు గోడకానుకునే పడుకుంటున్నా. బాబాయితో అనకే, నేనే వదిలేశానని.”

సుధేష్ణ చేతిలో ముద్ద ఆగిపోయింది.

“మీరు వదల్లేదు పిన్నీ. మీరు పట్టుకునుండగానే నేను తెంపేశాను.”

ముద్ద కోసం తెరిచిన పిన్ని నోరు తెరిచినట్టే ఉండిపోయింది. పెట్టడానికి సుధేష్ణకి చెయ్యి లేవలేదు.