రుక్మాబాయి బిడ్డ

"జర రుక్మాబాయిని చూసి నేర్చుకో, నాజ్నీన్!"

ప్రజ్ఞ సిస్టర్ మళ్లీ ఆ మాట అననే అంది.

నాజ్నీన్‌కు ఒళ్లు మండింది.

కాగజ్‌నగర్ నుంచి అంబులెన్సులో వచ్చి, ఈ పెద్దాసుపత్రిలో నెలలు నిండకుండానే కన్నది. పిల్లాడు గుప్పెడంత ఉన్నాడు. గాజుపెట్టెలోంచి తీశాక తల్లీబిడ్డలను ఈ వార్డుకు పంపారు. ఇక్కడ తల్లులకు ఒకటే పని. బిడ్డను బట్టల్లేకుండా రొమ్ముల నడుమ ఆనించుకుని, పైనుంచి గుడ్డ చుట్టుకుని కూర్చోవాలి. తల్లి ఒంటి వేడే బిడ్డకు మందు.

నాజ్నీన్ కూడా కూర్చుంటోంది. కానీ పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తాడు. వాడు ఏడిస్తే ఈమెకు నడుము నొప్పి గుర్తొస్తుంది. పాలు చాలవు. తూకం పెరగదు.

పక్క మంచం మీద రుక్మాబాయి బిడ్డ మాత్రం పిల్లికూనలా అతుక్కుని పడుకుంటుంది. రోజురోజుకూ బుగ్గలు తేలుతున్నాయి.

రుక్మాబాయిని చూడటానికి ఎవరూ రారు. తినేది ఆసుపత్రి అన్నం. అయినా రొమ్ము నిండా పాలు!

"అల్లా అన్నీ ఆమెకే ఇచ్చిండు అమ్మీ," అంది నాజ్నీన్ తల్లితో.

"ఎవళ్ల నసీబు వాళ్లది బేటీ. నీ పిల్లగాన్ని చూస్కో," అంది కుబ్రా.

"నోరిప్పి ఒక్క మాట మాట్లాడదు. బిడ్డ ఒళ్లు చేస్తున్నదని గీరె!"

ఆ మధ్యాహ్నం నాజ్నీన్‌కు జ్వరం తగిలింది. సిస్టర్ గోళీ ఇచ్చి పోయింది. కుబ్రా పిల్లాణ్ని కూతురి పక్కన పడుకోబెట్టి, చాయ్ తేవడానికి కిందికి దిగింది. నాజ్నీన్‌కు కన్నంటుకుంది.

లేచేసరికి పక్కన పిల్లాడు లేడు.

గాభరాగా తల తిప్పి చూస్తే, రుక్మాబాయి రొమ్ము మీద రెండు తలలు. ఒకటి ఆమె బిడ్డది. రెండోది తన కొడుకుది.

వాడు ఏడవడం లేదు. తన దగ్గర ఏనాడూ పోనంత నిద్ర పోతున్నాడు.

ఆ నిద్ర చూసే నాజ్నీన్ భగ్గుమంది.

"ఎవర్ని అడిగి తీసుకున్నవ్?"

"సల్లవడ్డడక్కా. కాళ్లు నీలంగైనయ్. నిన్ను లేపితే లేవకపోతివి. గందుకే జర..."

"నీ బిడ్డ నీకున్నది గదా! నా కొడుకు మీద గూడ పడ్డదా నీ కన్ను?"

రుక్మాబాయి గుడ్డ ముడి మెల్లగా విప్పి, పిల్లాడి తల కింద అరచెయ్యి పెట్టి అందించింది.

వాడి అరికాళ్లు వెచ్చగా ఉన్నాయి. అది కూడా నాజ్నీన్‌కు నచ్చలేదు. రెండు మంచాల నడుమ తెర గుంజేసింది.

జ్వరం తగ్గాక పంతం పట్టింది. పక్కామె కంటే ఎక్కువసేపు కూర్చోవాలి. నడుము విరిగినా లేవకూడదు. కొడుకును ఎదకు కట్టుకుని అలాగే తిన్నది, అలాగే కునికింది. వాడి ఏడుపు తగ్గింది. పాలు పడ్డాయి.

ఒకనాడు పొద్దున సిస్టర్ తూకం చూసి నవ్వింది.

"పెరిగిండు నీ కొడుకు!"

పక్కామె చూడాలని నాజ్నీన్ సర్రున తెర లాగింది.

మంచం ఖాళీగా ఉంది. ఆయా దుప్పటి మారుస్తోంది.

"రుక్మాబాయి ఏది?"

"ఇందాకనే ఊరికి పోయింది," అంది సిస్టర్. " ఆనాడు ఆమె ఎత్తుకోకుంటే నీ కొడుకును మళ్ల గాజుపెట్టెల పెడుతుంటిమి. డాక్టర్‌సాబే అన్నడు. నీకు చెప్పొద్దన్నది, పరేషాన్ అయితవని."

నాజ్నీన్ కొడుకు వీపు మీద చెయ్యి వేసుకుంది.

"ఏ ఊరు సిస్టర్ ఆమెది? మా ఆయన్ను పంపుత. పసిబిడ్డతోని ఒక్కతే ఎట్ల పోయింది?"

"ఒక్కతే బస్సుకు పోయింది. పాపను సర్కారు శిశుగృహవాళ్లు వచ్చి తీస్కపోయిండ్రు."

"కన్నబిడ్డను వాళ్లకెందుకు ఇచ్చింది?"

సిస్టర్ ఆమె దిక్కు వింతగా చూసింది.

"నీకు తెల్వదా నాజ్నీన్? ఆ పాపను ఎవళ్లో గేటు కాడ ఇడిచిపెట్టి పోయిండ్రు. రుక్మాబాయి కన్నబిడ్డ పుట్టిన దినమే పోయింది."