ఏది ఎక్కువ మన్నుతుంది?

"ఈ రెండింట్లో ఏది ఎక్కువ కాలం మన్నుతుందమ్మా?"

పెద్దాయన మళ్లీ అదే అడిగాడు. కంప్యూటర్ షాపు ఆవిడకి ఒళ్లు మండింది.

"చెప్పాను కదండీ. ఈ చిప్‌ది కింద పడ్డా తట్టుకుంటుంది. కానీ ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో పెడితే అందులో దాచుకున్నదంతా మర్చిపోవచ్చు. ఈ తిరిగే డిస్క్ అంత త్వరగా మర్చిపోదు. పడిందంటే మాత్రం అంతే సంగతులు."

"పోయే ముందు తెలుస్తుందా?"

"ఒక్కోసారి టక్కుటక్కుమంటుంది."

"నయమే. మా ఆవిడ ఆ మాత్రం కూడా చెప్పకుండా పోయింది."

ఆవిడ నవ్వలేదు. ఆయన వెనకాల ఇంకా జనం నిలబడి ఉన్నారు.

"అయితే తిరిగేదే ఇవ్వు. నువ్వే నీ చేత్తో మంచిది ఏరి ఇవ్వమ్మా."

ఆ చాదస్తానికి ఆవిడకి తిక్కరేగింది. చప్పుడు చేస్తోందని ఎవరో వాపసిచ్చిన డిస్క్ ఒకటి కింది అరలో పడి ఉంది. దాన్ని తుడిచి, కొత్త డబ్బాలో పెట్టి ఇచ్చేసింది. ఈయనకేం తెలుస్తుందిలే అనుకుంది.

పెద్దాయన రెండు చేతులతో అందుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, ఆవిడ మొహంలోకి కాసేపు చూసి వెళ్లిపోయాడు.

కొన్ని నెలలకి ఒకమ్మాయి ఆ డిస్క్ పట్టుకుని వచ్చింది.

"మా నాన్న పోయారండీ. ఇది తెరుచుకోవడం లేదు."

తగిలించగానే టక్కుటక్కుమంది. తర్వాత గరగరమని గీసుకుంటూ ఆగిపోయింది. ఆవిడ దాన్ని గుర్తుపట్టింది.

"కింద పడేసుంటారు," అంది తలెత్తకుండా.

"లేదండీ. పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకున్నారు."

"ఇంకో కాపీ ఉంటుందిగా?"

"లేదు. పాత టేపులు బూజు పట్టిపోతుంటే ఓపిక కూడగట్టుకుని అన్నీ ఇందులోకి ఎక్కించారు. ఆ టేపులు మొన్ననే పారేశాం."

"లోపల తిరిగే పళ్లెం గీసుకుపోయింది. ఇక ఎవరి వల్లా కాదు. తీసుకెళ్లండి."

"నేనేం చేసుకుంటానండీ? ఇది మీకివ్వాల్సిందే. అన్నీ ఎక్కించాక తనే తెచ్చిస్తానన్నారు. ఈలోగా మంచాన పడ్డారు."

"నాకా? నాకెందుకు?"

అమ్మాయి వింతగా చూసింది.

"మీకు చెప్పలేదా? మిమ్మల్ని కంటూ పోయిన మీ అమ్మగారు నాటకాల్లో పాడిన పాటలన్నీ, ఊరూరా వెంట తిరిగి రికార్డు చేసింది మా నాన్నేనండీ."