ఊగి ఇచ్చిన తాడు

తాళ్లాయన ప్రతి తాడునూ అమ్మేముందు దానికి వేలాడతాడెందుకు?

కోడలికి ఏళ్లుగా ఇదే అనుమానం. దేవుడికి దండం పెట్టుకుంటున్నప్పుడు కూడా మధ్యలో గుర్తొచ్చేది.

ఆమె భర్త ఎత్తైన మేడల గోడలకు తాడు మీద వేలాడుతూ రంగులు వేస్తాడు. మామగారిదీ అదే పని. తాడు తెగి కిందపడి చనిపోయాడాయన. అందుకే ఏటా కొత్త తాడు కొనే పని కోడలు ఎవరికీ వదలదు.

"తాడు మాత్రం ఆయన దగ్గరే కొను," అనేది అత్త. తాను మాత్రం ఆ వీధిలో అడుగు పెట్టేది కాదు.

ఆ ఏడూ కోడలే వెళ్లింది.

పొడవాటి రేకుల షెడ్డు. తాళ్లాయన నడుముకు జనపనార చుట్టుకుని, వేళ్ల మధ్య నుంచి నార వదులుతూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. అవతల తాడు పేనే చక్రం తిప్పడానికి మనిషి లేడు. ఓ పాత మోటారు తిప్పుతోంది.

"రా అమ్మా. నీ తాడు సిద్ధం."

దాన్ని దూలానికి కట్టాడు. రెండు చేతులా పట్టుకుని కాళ్లు పైకెత్తాడు.

ఎదుటి నైలాన్ తాళ్ల కొట్టాయన నవ్వాడు. "జనపనారకీ గంజాయికీ ఇంగ్లీషులో ఒకటే పేరట, హెంప్ అని. చుట్టాలేగా! మత్తెక్కి ఊగుతున్నావా గురూ?"

"అన్న తాగుబోతైతే తమ్ముడికి పెళ్లి కాదా?" అన్నాడు తాళ్లాయన గాల్లోంచే. "ఇది కట్టుకుంటే కాపురం చేస్తుంది. నీ నైలాన్‌లా ముడి జారి పారిపోదు."

అంతలో పట్టు తప్పింది. కిందపడ్డాడు.

"చాల్లెండి బాబాయ్! ఈ వయసులో ఈ కోతివేషాలెందుకు? ఇచ్చెయ్యండి, వెళ్తాను."

"ఊగకుండా ఇవ్వనమ్మా. తాడుకి నోరుండదు. మనమే అడిగి తెలుసుకోవాలి."

లేచి మళ్లీ ఊగాడు. తాడు చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. ముక్కాలిపీట తుడిచాడు.

"కాస్త కూర్చుని వెళ్లకూడదూ? పొద్దున్నించీ ఈ మోటారుతోనే నా కబుర్లు. అది ఊఁ కొడుతుంది గానీ, తిరిగి ఏమీ అడగదు."

"పొయ్యి మీద కూర వదిలొచ్చాను బాబాయ్. ఇంకోసారి."

"అలాగే... మీ అత్తగారు బావున్నారా?"

"ఆఁ, బావున్నారు," అంటూనే గడప దాటింది.

ఇంటికొచ్చి తాడు దేవుడి ముందు పెట్టింది. కాపాడేది ఆయనేగా అనుకుంది.

వారం తిరక్కుండా నైలాన్ కొట్టాయన దారిలో కనబడి చెప్పాడు, తాళ్లాయన నిద్రలోనే పోయాడని. అయినవాళ్లెవరూ లేరని.

కోడలు ఇంటికెళ్లి ఆ మాట చెప్పగానే అత్త చెప్పులు వేసుకుంది.

షెడ్డులో ముగ్గురే ఉన్నారు, నైలాన్ కొట్టాయనతో కలిపి. మోటారు ఆపేసి ఉంది.

అత్త తాళ్లాయన పక్కన నేల మీద కూలబడి, ఆయన చెవి దగ్గరకు వంగింది.

"నీ మీద నాకు కోపం లేదు తమ్ముడూ. ఏనాడూ లేదు. ఈ ఒక్క మాట నీకు బాకీ ఉండిపోయాను. నువ్వు మా గుమ్మం ముందు నిలబడ్డప్పుడల్లా తలుపేసుకున్నాను."

కోడలు బిత్తరపోయింది. "మనకేమవుతాడత్తయ్యా ఈయన?"

అత్త తలెత్తింది.

"మీ మామయ్యా ఈయనా కలిసి రంగులేసేవాళ్లు. ఆ రోజు పైకెక్కే ముందు, ఈయన దగ్గరున్న అరిగిపోయిన తాడు తాను కట్టుకుని, మీ మామయ్య తన కొత్త తాడు ఇచ్చింది ఈయనకే."