ఆ రక్తం ఎక్కించొద్దు

"అమ్మా, రక్తం ఎక్కించేసినారా?"

కాన్పుల వార్డు గుమ్మంలోంచి వినిపించిన గొంతుకు దేవకమ్మ తల తిప్పి చూసింది.

ఎవరో నడివయసు మనిషి. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. తూలిపోకుండా తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడే పెట్టినారు. నువ్వెవురు నాయనా?"

"ఆపించమ్మా! ఆ రక్తం ఎక్కించొద్దు."

దేవకమ్మ మంచం పక్కన వేలాడుతున్న సంచీ వైపు చూసింది. కాన్పు కష్టమై పాలిపోయిన కూతురు మోహనకు ఆ రక్తమే ఆధారం. అల్లుడు చక్రధర్ తిరుపతంతా తిరిగి, చివరికి కింది బ్లడ్ బ్యాంకులోనే సంపాదించిన సంచీ అది.

చక్రధర్ మండిపడ్డాడు.

"తాగొచ్చి ఆడోళ్ల వార్డులో ఏందబ్బా ఈ గోల? పో అవతలికి!"

రెక్క పట్టి బయటికి నెట్టాడు. ఆ మనిషి మెట్ల దగ్గర కూలబడ్డాడు. అక్కడి నుంచే కేకేశాడు.

"బిడ్డకు వణుకు పుట్టిందేమో సూడమ్మా!"

దేవకమ్మ కూతురి చేయి పట్టుకుంది.

వణుకుతోంది.

"సిస్టరమ్మా!"

నర్సు పరుగున వచ్చి గొట్టం బిగించి రక్తం ఆపేసింది. సంచీని పరీక్షకు పంపారు. ఆ గందరగోళంలో ఆ మనిషి ఏమయ్యాడో ఎవరూ చూడలేదు.

చక్రధర్ ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి, ఫోన్ చేసి వేలూరు నుంచి వేరే రక్తం తెప్పించాడు. మోహన గండం గడిచి బయటపడింది.

దేవకమ్మకు మాత్రం ఒకటే ఆలోచన. ఎవరాయన? చుట్టం కాదు. డాక్టరు కాదు. సంచీలో ఏముందో ఆయనకెలా తెలిసింది?

కొన్నాళ్లకు డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చింది.

"ఆ రక్తంలో సూక్ష్మక్రిములు ఉన్నాయని తేలింది. మొత్తం ఎక్కి ఉంటే మోహన దక్కేది కాదు."

"సూసేదానికి బాగానే ఉండె కదమ్మా?"

"అవి కంటికి కనపడవు దేవకమ్మా."

"మరి ఆ మనిషికెట్ల తెలిసె?"

డాక్టరమ్మ చక్రధర్ వైపు చూసింది.

"ఆయన తాగి రాలేదు. ఒళ్లు కాలిపోయే జ్వరంతో చంద్రగిరి నుంచి బస్సులో వచ్చాడు. కింద బ్లడ్ బ్యాంకులో అడిగితే, సంచీ అప్పుడే పైకి పోయిందన్నారంట. ఆ మెట్లన్నీ ఎక్కొచ్చాడు."

చక్రధర్ తల వంచుకున్నాడు.

"యాడుండాడు మేడం? పోయి కాళ్లు పట్టుకుంటా."

"కింద జ్వరాల వార్డులోనే చేర్చుకున్నాం. నిన్న పోయాడు."

దేవకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవురమ్మా ఆయన? మాకేమవుతాడని అంత పాకులాడినాడు?"

"పేరు మునివెంకటప్ప. ఆ సంచీలో ఉన్నది ఆయనిచ్చిన రక్తమే."